గూయావ్‌లో మూడు రోజులు: కరీబియన్ జాలరి ఊరికి వెళ్లేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

గ్రెనడా దీవి పడమటి తీరంలో, సెయింట్ జాన్ పారిష్‌లో (మన జిల్లా లాంటిది) గూయావ్ ఉంది. పేరుకి పట్టణమే. కాలినడకన తిరిగేయగలిగినంత ఊరు, దానికో రేవు, చేపల మార్కెట్టు, జాజికాయల పాత గోదాము. ఊరివాళ్లు దాన్ని 'గ్వావ్' అంటారు. బస్సువాడి దగ్గర మీరూ అలాగే అనండి, పని తేలిగ్గా అవుతుంది.

ఈ ఊరికి వచ్చే టూరిస్టుల్లో ఎక్కువమంది శుక్రవారం సాయంత్రం వ్యానులో దిగి, 'ఫిష్ ఫ్రైడే' సంతలో కాల్చిన చేప తిని, డప్పుల దగ్గర రెండు ఫోటోలు దిగి, రాత్రికి మళ్లీ గ్రాండ్ ఆన్స్ బీచ్ హోటళ్లకి వెళ్లిపోతారు. అలా వెళ్తే విందు దక్కుతుంది గానీ ఊరు దక్కదు. ఆ చేప ఎక్కడినుంచి వచ్చిందో, దాని కోసం ఎవరు చీకటితో లేచారో తెలియాలంటే గురువారం మధ్యాహ్నానికి చేరి, శనివారం మధ్యాహ్నం బయల్దేరాలి. కింద రాసిందంతా ఆ లెక్కన రాసిందే.

మొదట తేదీలు తేల్చుకోండి

జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. పసుపు రెక్కల ట్యూనా బాగా పడేది సుమారుగా డిసెంబరు నుంచి జూన్ వరకు. ఈ రెండూ కలిసే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలకి నా ఓటు.

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫానుల కాలం. గ్రెనడా కాస్త దక్షిణంగా ఉంది కాబట్టి ఏమీ కాదులే అని చెప్పేవాళ్లుంటారు. కానీ 2004 సెప్టెంబరులో ఐవాన్ తుఫాను వచ్చి దీవిలోని ఇళ్లలో అత్యధిక భాగాన్ని దెబ్బతీసింది, జాజికాయ తోటల్ని దాదాపు తుడిచిపెట్టింది. 2024 జూలై 1న బెరిల్ తుఫాను ఈ దేశానికే చెందిన కారియాకూ దీవిని నేలమట్టం చేసింది. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే టికెట్ మార్చుకునే వీలు, తుఫానుకి వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ రెండూ ఉండాలి.

ఒక్క మినహాయింపు. జూన్ 29 సెయింట్ పీటర్ పండుగ. దాన్ని ఇక్కడ 'ఫిషర్‌మన్స్ బర్త్‌డే' అంటారు. పడవలకీ వలలకీ చర్చి ఫాదర్ ఆశీర్వాదం, పడవ పందేలు, తర్వాత రాత్రంతా వీధిలో పాటలు. ఊరు తన కోసం తాను చేసుకునే పండుగ ఇది. గది మాత్రం నెలల ముందే పట్టుకోవాలి.

ఫిష్ ఫ్రైడే గురించి ఒక జాగ్రత్త. కోవిడ్ రోజుల్లో ఇది ఆగిపోయింది. మీరు వెళ్లే వారం జరుగుతుందా లేదా అని గెస్ట్‌హౌస్ వాళ్లకి మెసేజ్ పెట్టి అడిగాకే విమానం టికెట్ కొనండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత వ్యాసాలని నమ్ముకోకండి.

కాగితాలు: అసలు టెన్షన్ దారిలోనే

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు గ్రెనడాకి వీసా లేకుండా వెళ్లొచ్చు, మూడు నెలల దాకా ఉండొచ్చు. తిరుగు టికెట్, బస చేసే చోటు వివరాలు చేతిలో ఉండాలి. నియమాలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

చిక్కంతా మధ్యలో దిగే దేశాలతోనే. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా వెళ్తే, మీ దగ్గరున్న ఇతర దేశాల వీసాలని బట్టి బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాల్సి రావచ్చు. అమెరికా మీదుగా అయితే విమానాశ్రయం దాటకపోయినా అమెరికా వీసా ఉండాల్సిందే. అందుకే ఇండియా నుంచి ప్రత్యేకంగా ఈ ఒక్క ఊరి కోసం వెళ్లడం ఖర్చుతో కూడిన వ్యవహారం. అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవాళ్లకి, పిల్లల్ని చూడ్డానికి అక్కడికి వెళ్లిన అమ్మానాన్నలకి ఇది చక్కగా కుదిరే ప్రయాణం. మయామి నుంచి నాలుగు గంటల లోపు, న్యూయార్క్ నుంచి ఐదు గంటల చిల్లర. టొరంటో నుంచి కూడా నేరుగా విమానాలున్నాయి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు అయిపోయినా కెనడాకో మెక్సికోకో నెల లోపు వెళ్లి తిరిగి రావచ్చనే వెసులుబాటు మనవాళ్లందరికీ తెలుసు. అది కరీబియన్ దీవులకి అందరికీ వర్తించదు. ఎఫ్, జే వీసా విద్యార్థులకే ఆ దీవుల విషయంలో వెసులుబాటు ఉంది, అదీ షరతులతో, క్యూబా మినహా. హెచ్1బీ స్టాంపు గడువు తీరి ఉంటే గ్రెనడా వెళ్లొద్దు. ఫిష్ ఫ్రైడే ఎక్కడికీ పోదు.

ఇదే ట్రిప్పులో ట్రినిడాడ్ కూడా చూడాలనుకుంటే ఎల్లో ఫీవర్ కార్డు మాట గుర్తుంచుకోండి. ఆ దీవి నుంచి ఇండియా తిరిగొచ్చేటప్పుడు అడుగుతారు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. గ్రెనడా ఒక్కటే అయితే ఆ గొడవ లేదు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు

మిలటరీ మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు వద్దు. టోపీ, నిక్కరు, పిల్లల బ్యాగు, ఏదైనా సరే. గ్రెనడాలో సైన్యం తరహా దుస్తులు మామూలు జనం వేసుకోవడం చట్టవిరుద్ధం.

కరెంటు 230 వోల్టులు, ప్లగ్గు బ్రిటన్ తరహా మూడు చదునైన పిన్నులది. మన ఛార్జర్లు ఒక అడాప్టరుతో పనిచేస్తాయి. అమెరికా నుంచి తెచ్చే హెయిర్ డ్రయ్యర్ లాంటివి 110 వోల్టులవైతే ఇంట్లోనే వదిలేయండి. దోమల మందు తప్పనిసరి, డెంగ్యూ అక్కడా ఉంది. తడి రాళ్ల మీద జారని చెప్పులు, సాయంత్రాలకి పొడుగు పాంటు. సిమ్ కార్డు డిజిసెల్‌దో ఫ్లోదో అక్కడే దొరుకుతుంది.

డబ్బు: తూర్పు కరీబియన్ డాలర్, వాడుకలో 'ఈసీ'. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకి 2.70 ఈసీ అనే కట్టుబాటు మారలేదు, కాబట్టి 27 ఈసీ అంటే పది అమెరికా డాలర్లు. ఎవరైనా 'ఇరవై డాలర్లు' అంటే ఏ డాలర్లని వెంటనే అడగండి. అది మర్యాద తక్కువేం కాదు, వాళ్లూ అడుగుతారు. ఊళ్లో కార్డుల మీద ఆశ పెట్టుకోకండి. చిన్న నోట్లు సెయింట్ జార్జెస్‌లోనే తీసిపెట్టుకోండి.

ఊరు చేరడం

విమానం దిగేది దీవి దక్షిణపు కొసన ఉన్న మారిస్ బిషప్ విమానాశ్రయంలో. అక్కడినుంచి రాజధాని సెయింట్ జార్జెస్‌కి టాక్సీ. రాజధాని బస్ టెర్మినల్‌లో 5వ నంబరు బస్సు ఎక్కాలి. బస్సంటే మినీవ్యాను. నిండితే కదులుతుంది. నిండడం అంటే మన షేర్ ఆటో అర్థంలోనే. టాక్సీలకైనా బస్సులకైనా నంబరు ప్లేటు 'హెచ్' అక్షరంతో మొదలవుతుంది, అది లేని బండి ఎక్కకండి.

దూరం 20 కిలోమీటర్ల లోపే అయినా రోడ్డంతా మెలికలు, ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో హోరెత్తించే సోకా అనే కరీబియన్ పాటలు. ముప్పావు గంట పడుతుంది. వాంతులయ్యే అలవాటుంటే ముందు సీటు అడగండి. దిగాల్సిన చోటు రాగానే వ్యాను పైకప్పునో పక్క రేకునో వేళ్లతో టకటకా కొట్టాలి. అరవక్కర్లేదు. సీ వ్యూ కావాలంటే వెళ్లేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి.

దారిలో మోలినియర్ అఖాతం వస్తుంది. నీళ్ల కింద శిల్పాల పార్కు అక్కడే, 2006లో మొదలైంది. స్నార్కెలింగ్ ఇష్టమైతే దానికి వేరే పూట పెట్టుకోండి, సూట్‌కేసుతో బస్సు దిగి చూసే చోటు కాదది.

సొంతంగా కారు తీసుకునేవాళ్లకి: డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, స్థానిక తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. కానీ ఒక్క ఊళ్లో ఉండడానికి కారెందుకు? శుక్రవారం రాత్రి పార్కింగ్ వెతుక్కోవడానికి తప్ప.

ఎక్కడ ఉండాలి

గూయావ్‌లో పెద్ద హోటళ్లు లేవు. కొన్ని గెస్ట్‌హౌస్‌లు, ఇళ్లలో అద్దెకిచ్చే గదులు. వంటగది ఉన్నది తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. సముద్రం వైపు గది కావాలని పట్టుబట్టే ముందు తెలుసుకోండి: జాలరి ఊళ్లో సముద్రం వైపు అంటే తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడు, కోళ్ల కూతలు, చేప వాసన. ఆ ఊరికి 'నిద్రపోని ఊరు' అనే పేరు ఊరికే రాలేదు. నాకైతే ఆ చప్పుడే ఇష్టం. మీకు నిద్ర ముఖ్యమైతే కొండ వైపు గది చూసుకోండి.

పలకరింపు: దీని తర్వాతే ఏదైనా

కొట్లో అడుగు పెట్టినా, బస్సు ఎక్కినా, అరుగు మీద కూర్చున్నవాళ్ల ముందు నుంచి నడిచినా ముందు గుడ్ మార్నింగ్. మధ్యాహ్నం దాటితే గుడ్ ఆఫ్టర్నూన్. చీకటి పడ్డాక గుడ్ నైట్, అదీ కలిసినప్పుడు చెప్పేదే. ఒకరికి కాదు, అక్కడున్న అందరికీ కలిపి చెప్పాలి. పలకరించకుండా 'చేప ఎంత?' అని మొదలుపెట్టారో, జవాబు పొడిగా వస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. పెద్దావిడలని 'మిస్' అనండి, సరిపోతుంది.

ఈత బట్టలతో ఊళ్లో తిరగొద్దు. మగవాళ్లకీ ఇదే మాట, చొక్కా లేకుండా కొట్టుకి వెళ్లడం ఇక్కడ అమర్యాద. ఫోటో తీసే ముందు అడగండి. చేపలు శుభ్రం చేస్తున్న మనిషి మొహం మీద ఫోన్ పెట్టి క్లిక్ మనిపించడం ఎక్కడైనా తప్పే. రేవులో అది రోజూ జరుగుతుంది కాబట్టి వాళ్ల సహనం ఎప్పుడో అయిపోయింది.

మాట కలపడానికి దారి కావాలా? క్రికెట్ ఎలాగూ ఉంది. అంతకన్నా మంచిది పరుగు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల బంగారు పతకం గెలిచిన కిరాణి జేమ్స్ ఈ ఊరివాడే. గ్రెనడాకి అది మొదటి ఒలింపిక్ పతకం. ఆ తర్వాత రియోలో వెండి, టోక్యోలో కంచు. ఆ పేరెత్తితే అరుగు మీద మీకూ చోటు దొరుకుతుంది. మీరు ఇండియా అనగానే వాళ్లలో ఎవరో ఒకరు నీరజ్ చోప్రా పేరెత్తవచ్చు. 2022లో యూజీన్ ప్రపంచ పోటీల్లో నీరజ్‌ని రెండో స్థానానికి నెట్టి ఈటె విసిరిన ఆండర్సన్ పీటర్స్ గ్రెనడా వాడు మరి. ఆ విషయంలో హుందాగా ఓడిపోండి.

1979 విప్లవం, 1983 అక్టోబరులో ప్రధాని మారిస్ బిషప్ హత్య, ఆరు రోజులకే అమెరికా సైన్యం దిగడం, ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. మీరుగా తవ్వకండి.

శుక్రవారం తెల్లవారుజాము: రేవు

చీకటి ఉండగానే లేవండి. ముందు ఎర కావాలి. ఒడ్డుకి దగ్గరగా చిన్న చేపల గుంపు కనిపిస్తే పడవ మీద వల చుట్టుకొచ్చి, రెండు కొసలు ఒడ్డున పట్టుకుని లాగుతారు. ఉత్తరాంధ్ర తీరంలో అలివి వల చూసినవాళ్లకి ఈ పని కొత్తగా ఉండదు, ఆ వరసలో నిలబడి వెనక్కి వాలి లాగడం అచ్చం అలాగే ఉంటుంది. తాడు పట్టమని సైగ చేస్తే పట్టండి. పిలవకపోతే పక్కన నిలబడండి. లాగినవాళ్లకి కాసిని చేపలు ఇవ్వడం కరీబియన్ తీరాల్లో ఉన్న రివాజే. మీకిస్తే వద్దనకండి, గెస్ట్‌హౌస్ వాళ్లకివ్వొచ్చు.

ఆ ఎరతో పడవలు లోపలికి వెళ్తాయి. గూయావ్ జాలరులు ట్యూనా పట్టేది పొడుగు గాలపు తాడుతో. మైళ్ల పొడుగు ప్రధాన తాడు, దానికి తేలే బుడ్లు, మధ్యమధ్య వేలాడే గాలాలు. ఈ పద్ధతి ఇక్కడ 1980ల తొలినాళ్లలో క్యూబా సాయంతో ఊపందుకుంది. అప్పటినుంచి ఊరి బతుకు ట్యూనా మీద తిరుగుతోంది. చిన్న పడవలు పొద్దున వెళ్లి సాయంత్రానికి వస్తాయి, పెద్దవి మంచు గడ్డలు నింపుకుని కొన్ని రోజులు ఉండిపోతాయి.

కాబట్టి రేవు చూడాల్సింది రెండుసార్లు: తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు దాటాక మరోసారి. మధ్యలో అక్కడ నిద్రపోతున్న కుక్కలు తప్ప ఏం ఉండదు.

సాయంత్రం పడవ వచ్చినప్పుడు కొనుగోలుదారుడి చేతిలో సన్నటి ఇనుప గొట్టం ఉంటుంది, పెన్ను కన్నా కాస్త పొడుగు. ట్యూనా తోక దగ్గర దాన్ని గుచ్చి తిప్పి తీస్తే లోపల దారంలా కండ ముక్క వస్తుంది. దాన్ని వేలి మీద పరిచి వెలుతురుకి పెడతాడు. ముదురు ఎరుపు, కాస్త నిగనిగ, వేళ్ల మధ్య రుద్దితే కొవ్వు జిడ్డు, ఇవి ఉంటే అది మంచు పెట్టెలో పడి విమానమెక్కి అమెరికా పోతుంది. రంగు గోధుమలోకి తిరిగితే ఊరి మార్కెట్టుకే. పడవవాడి మూడు రోజుల సంపాదన ఆ దారప్పోగు రంగు మీద తేలుతుంది. అప్పుడు అక్కడ ఎవరూ మాట్లాడరు, మీరూ మాట్లాడకండి. ప్రశ్నలు తర్వాత.

'చేపల వేటకి నన్నూ తీసుకెళ్లండి' అని అడగాలనిపిస్తుంది. ట్యూనా పడవ ఎక్కే ఆలోచన మానుకోండి. అది రోజంతా ఎండలో, కూర్చోడానికి చోటు లేని పని, మీరు వాళ్లకి అడ్డం. బదులుగా తీరం వెంట గంటో రెండు గంటలో తిప్పమని అడగండి. డబ్బు ముందే మాట్లాడుకోండి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు, అడగడానికి మొహమాట పడొద్దు.

మధ్యాహ్నం ఖాళీ: జాజికాయల గోదాము

గ్రెనడా జెండా మీద జాజికాయ ఉంటుంది. 1947లో పెట్టిన రైతుల సహకార సంఘం నడిపే ప్రాసెసింగ్ కేంద్రాల్లో ముఖ్యమైనది గూయావ్‌లోనే, ఊరి మధ్యలోనే. కొద్దిపాటి రుసుము తీసుకుని లోపల తిప్పి చూపిస్తారు. తప్పకుండా వెళ్లండి. బిర్యానీలో జాజికాయ, జాపత్రి వేసే మనకి, ఆ రెండూ ఒకే కాయలోవని తెలిసినా కళ్లతో చూడడం వేరు. పండు పగిలితే నల్లటి గింజ మీద ఎర్రటి జాలీ లాంటి జాపత్రి చుట్టుకుని ఉంటుంది. ఆ ఎరుపు నెలల తరబడి చెక్క పెట్టెల్లో మాగాక మనం కొట్లో చూసే లేత పసుపు రంగులోకి దిగుతుంది.

గింజల్ని చెక్క అరల మీద వారాల పాటు ఆరబెట్టి, పెంకు పగలగొట్టి, నీళ్లలో వేస్తారు. మునిగింది మొదటి రకం, వంటకి. తేలింది నూనెకి, మందులకి. గోనె సంచుల మీద స్టెన్సిల్‌తో నల్ల ఇంకు అచ్చులు, ఏ దేశానికి పోతుందో. ఐవాన్‌కి ముందు ఈ అరలు నిండుగా ఉండేవి. జాజి చెట్టు కాపుకి రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది, అందుకే 2004 దెబ్బ నుంచి రైతులు ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. చాలామంది మళ్లీ నాటనే లేదు.

ఊరి పొలిమేరలో డగల్డ్‌స్టన్ అనే పాత సుగంధ ద్రవ్యాల ఎస్టేటు ఉంది, టైముంటే నడిచి వెళ్లొచ్చు.

శుక్రవారం రాత్రి

చీకటి పడ్డాక, ఏడు గంటల ప్రాంతంలో రెండు చిన్న వీధుల్లో పొయ్యిలు వెలుగుతాయి. టూర్ వ్యాన్లు దిగకముందే వెళ్లండి. మొదటి బండి దగ్గరే ప్లేటు నింపుకోకండి. ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి, ఎవరి దగ్గర ఊరివాళ్లు నిలబడ్డారో చూసి, చిన్న చిన్న పోర్షన్లుగా తినండి. అల్యూమినియం రేకులో చుట్టి ఆవిరికి మగ్గించిన చేప, బొగ్గుల మీద కాల్చిన ట్యూనా, చేప గారెల్లాంటి ఫిష్ కేకులు, 'లాంబి' అనే పెద్ద శంఖు మాంసం, రొయ్యలు. మెనూలో 'డాల్ఫిన్' కనిపిస్తే కంగారు పడకండి, అది మహీమహీ అనే చేప, డాల్ఫిన్ కాదు.

మే నుంచి ఆగస్టు చివరి దాకా పెద్ద రొయ్యలా ఉండే లాబ్‌స్టర్ వేట నిషేధం. ఆ నెలల్లో తాజా లాబ్‌స్టర్ అని ఎవరైనా పిలిస్తే నవ్వి ముందుకు సాగండి.

కారం సీసా దగ్గర మనవాళ్లు ధీమాగా ఉంటారు. స్కాచ్ బోనెట్ మిరపకాయ గుంటూరు మిరపకన్నా చాలా ఘాటు. ముందు చుక్క వేసుకుని చూడండి.

రమ్ విషయం: దీవి ఉత్తరాన రివర్ ఆంటోయిన్ డిస్టిలరీ 1785 నుంచి నీటి చక్రంతో చెరకు ఆడుతోంది. దాని 'రివర్స్' రమ్ములో ఆల్కహాల్ 75 శాతం దాకా ఉంటుంది. స్థానికులు చిన్న గ్లాసులో పోసుకుని వెంటనే నీళ్లు తాగుతారు. ఆ బలమున్న రమ్ము విమానంలో తీసుకెళ్లనివ్వరు, అందుకే 69 శాతంది వేరుగా అమ్ముతారు.

తిరుగు బస్సు అవసరం మీకు లేదు, మీ గది ఊళ్లోనే ఉంది. పది దాటి వ్యాన్లు వెళ్లిపోయాక రమ్ షాపుల ముందు డామినో బిళ్లలు బల్ల మీద టపటపా కొట్టే ఆట మొదలవుతుంది. చూడ్డానికి అభ్యంతరం ఉండదు. పిలిచినా పందెం ఆటలో కూర్చోవద్దు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే గెస్ట్‌హౌస్ దాకా తోడు కుదుర్చుకోవడం మంచిది. ఊరు ప్రశాంతమైనదే, కానీ రమ్ము ఎక్కడైనా రమ్మే.

శనివారం: చేప కొని వండుకోవడం

వంటగది ఉన్న గది తీసుకోమన్నది ఇందుకే. కొన్నిచోట్ల చేపలు అమ్మకానికి వచ్చాయని ఇప్పటికీ శంఖం ఊది చెప్తారు. ఆ ఊదు వినిపిస్తే గిన్నె పట్టుకుని బయటికి రండి. తూకం పౌండ్లలో, ధర ఈసీలో. శుభ్రం చేసిపెట్టేవాళ్లకి వేరుగా కొన్ని డాలర్లు ఇవ్వాలి, ఆ డబ్బు దగ్గర బేరం ఆడకండి.

రెండు జాగ్రత్తలు. ట్యూనా మంచులో ఉన్నదే కొనండి. ఎండలో గంటలు ఉన్న ట్యూనాలో హిస్టమిన్ పేరుకుంటుంది, ఎంత ఉడికించినా పోదు, తిన్న కాసేపటికే ఒళ్లంతా ఎర్రబడి తలనొప్పి వస్తుంది. రెండోది, పెద్ద బారకూడా లాంటి పగడపు దిబ్బల చుట్టూ వేటాడే చేపల్లో సిగ్వాటెరా అనే విషం ఉండే అవకాశం ఉంది. అదీ వంటతో పోదు. ఊరివాళ్లు ఏ చేప తినరో అడిగి తెలుసుకోవడమే దారి.

పులుసు పెట్టాలనిపిస్తే చింతపండు దొరుకుతుంది, అక్కడ దాంతో పంచదార ఉండలు చేసి అమ్ముతారు, కాయగా అడగాలి. ట్యూనా ముక్క మన కొర్రమీను కాదు, ఎక్కువ ఉడికితే కర్ర అయిపోతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివరి ఐదు నిమిషాల్లో ముక్కలు వేసి దించేయండి. గెస్ట్‌హౌస్ ఆవిడకి ఒక గిన్నె ఇస్తే, ఆమె ఆయిల్ డౌన్ మీ గిన్నెలోకి రావచ్చు. అది గ్రెనడా జాతీయ వంటకం: సీమపనస ముక్కలు, చామాకులు, పిండి ముద్దలు, పసుపు వేసి కొబ్బరిపాలలో పాలన్నీ ఇంకేదాకా ఉడికిస్తారు.

శాకాహారులకి నిజం చెప్పాలంటే ఈ ఊరు కష్టమే. ఆయిల్ డౌన్‌లో ఉప్పు పంది తోకో ఉప్పు చేపో పడుతుంది. కూర ఆకుల సూప్‌లోనూ పడొచ్చు. 'వెజిటేరియన్' అంటే కొందరికి చేప తింటారనే అర్థం. మాంసం వద్దు, చేప వద్దు, ఉప్పు చేప కూడా వద్దు అని మూడూ విడివిడిగా చెప్పండి. రాస్తాఫారియన్లనే మత వర్గం వాళ్లు వండే 'ఐటల్' అనే శాకాహార భోజనం దొరికితే అదృష్టం. లేదా బంగాళాదుంప, శనగల కూర చుట్టిన రోటీ. ఆ రోటీ ఇక్కడికి రావడం వెనక మనదేశపు కథే ఉంది. 1857 మే 1న కలకత్తా నుంచి 'మెయిడ్‌స్టన్' ఓడలో కూలీలు గ్రెనడాలో దిగారు, 1890 దాకా మరికొన్ని ఓడలు వచ్చాయి. ఏటా మే 1న ఆ రాకని గుర్తు చేసుకుంటారు.

ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సినవి

పడవలు ఆగే చోట ఈత కొట్టకండి, గాలాలు, చేప వ్యర్థాలు ఉంటాయి. ఈతకి ఎక్కడ దిగొచ్చో ఊరివాళ్లు చెప్తారు. తీరంలో చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలున్న చెట్టు కనిపిస్తే అది మాంచినీల్ కావచ్చు. కాయ తినకూడదు, ఆకు ముట్టకూడదు, వాన పడుతుంటే దాని కింద నిలబడకూడదు, కారే పాలకి ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు మొదటి రోజే చూపించి చెప్పండి.

పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు పంచే అలవాటు ఉంటే మానుకోండి. డబ్బు ఖర్చుపెట్టాలనుంటే రేవులో చేప కొనండి, గోదాములో జాజికాయ కొనండి, సంతలో ఇంకో ప్లేటు తినండి.

తిరుగు ప్రయాణం

ఆదివారం బస్సులు దాదాపు ఉండవు. అందుకే శనివారం మధ్యాహ్నం బయల్దేరమంటున్నాను. ఆదివారం విమానం ఉన్నవాళ్లు శనివారమే రాజధానికి చేరిపోండి, లేదా టాక్సీని ముందే మాట్లాడుకుని ధర ఏ డాలర్లలోనో ఖాయం చేసుకోండి. ఎండిన జాజికాయ, జాపత్రి కొన్నవి పెట్టెలో పైనే పెట్టి, ఏ దేశంలో దిగినా కస్టమ్స్ ఫారంలో రాయండి. పచ్చి కాయలు, మొక్కలు, విత్తనాలు మాత్రం తీసుకెళ్లకండి, విమానాశ్రయంలో చెత్తబుట్టలో పడతాయి. శంఖాలు, పగడాలు కూడా ఏరుకోవద్దు. రాజధానికి వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్క వస్తుంది, సీటు ఆ లెక్కన చూసుకోండి.